చంటి బుజ్జి నాని: రెండక్షరాల కొలత

నల్లజర్ల మెట్టలో పామాయిల్ తోట ఈ గట్టున నిలబడి, ఆ గట్టున ఉన్న కుర్రాణ్ని పిలవాలనుకోండి. మట్టలు అడ్డం, మనిషి కనపడడు. బోరు మోటారు చప్పుడు ఒక పక్క, హైవే మీద లారీల హోరు ఇంకో పక్క. బడి రిజిస్టరులో వాడి పేరు వెంకట సూర్యనారాయణ వరప్రసాద్. ఆ పేరుతో పిలవబోతే సగం దారిలోనే ఊపిరి అయిపోతుంది. అందుకే వాళ్లమ్మ గట్టెక్కి ఒక్క కేక వేస్తుంది: ‘సూరీ...’ ఆ చివరి ‘రీ’ని ఎంత దూరం కావాలంటే అంత దూరం లాగుతుంది. తోట అవతలినుంచి ‘ఆఁ’ అని బదులొస్తుంది.

పొట్టిపేరంటే పెద్దపేరును బద్ధకంకొద్దీ విరగ్గొట్టిన ముక్క అని చాలాకాలం అనుకున్నాను. అది కాదని నాకు తెలిసింది ఈమధ్యే. మా మేనకోడలికి కొడుకు పుట్టాడు. ‘రెండక్షరాల్లో మంచి పేరు చెప్పు మావయ్యా’ అని అడిగింది. వెతకబోయి, మన పల్లెల్లో తిరుగుతున్న పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. చంటి, బుజ్జి, నాని, శ్రీను, రాము, గోపి, సూరి, సత్తి, కిట్టు, అంజి, సుబ్బు, జగ్గు, పండు, బాబు. రాశాక చూస్తే ఏదో లయ తగిలింది. చిన్నప్పుడు తెలుగు మాస్టారు బెత్తంతో నేర్పిన గురులఘువులు పెట్టి చూశాను. అన్నింటికీ ఒకటే కొలత. మొదటి అక్షరం గురువు, రెండోది లఘువు. ‘చం’ గురువు, ‘టి’ లఘువు. ‘నా’ గురువు, ‘ని’ లఘువు. ఛందస్సులో దీన్ని హగణం అంటారు, గలం అని కూడా అంటారు. సూర్యగణాలు రెండే. ఒకటి నగణం, రెండోది ఈ హగణం.

ఆటవెలదిలో రెండో పాదానికి, నాలుగో పాదానికి ఐదేసి సూర్యగణాలు కావాలి. అంటే గోదావరి జిల్లాలో ఏ వీధి అరుగు మీదైనా ఐదుగురు పిల్లల్ని కూచోబెట్టి వరసగా పిలిస్తే ఆటవెలది పాదం వచ్చేయాలి. చూద్దామని పిలిచాను: చంటి, బుజ్జి, నాని, సత్తి, కిట్టు. వచ్చింది! నాలుగో గణం మొదట యతి కూడా కుదిరింది, చకారానికి సకారం చెల్లుతుంది కాబట్టి. ఈ పేర్లు పెట్టిన అమ్మమ్మల్లో చాలామందికి చదువు లేదు, ఛందస్సు అన్న మాటే విని ఉండరు. కానీ జోలపాటా తెలుసు, ఊడ్పుల పాటా తెలుసు. ఆ చెవి ఏ కొలత అడిగిందో ఆ కొలతకే పేరు కోశారు.

హగణానికి లొంగనివీ ఉన్నాయి. వాటి సంగతీ చూశాను. అబ్బులు భగణం, వెంకన్న తగణం, రాంబాబు కూడా తగణమే, చినబాబు సలం. ఇవన్నీ ఇంద్రగణాలు. ఆటవెలది బేసి పాదాల్లో చివరి రెండు చోట్లూ వీటివే. సోమరాజు, గంగరాజు, సత్తిబాబు అయితే రెండేసి హగణాల అతుకు. తాతాజీ ఒక్కడే దేనికీ లొంగలేదు, మూడూ గురువులే. తాతగారు కదా, వదిలేశాను.

ఈ కోతలో పనితనం ఎక్కడుందో ఒక్కో పేరూ విప్పి చూస్తే తెలుస్తుంది. శ్రీనివాసులో ‘శ్రీ’ని ముట్టుకోలేదు. తరవాతి నకారం దగ్గర కోసి, కోసిన చోట చురుకు తగలకుండా ఉకారం పూశారు. శ్రీను. సూర్యనారాయణలో ‘ర్య’ జంటను విడదీసి యకారాన్ని ఇకారంలోకి కరిగించారు. సూరి. సత్యనారాయణలోని ‘త్య’ నాలుకకు అడ్డం పడుతుందని తకారాన్నే రెట్టించారు. సత్తి. కృష్ణ అన్న మాట మొదటా చివరా కూడా ముళ్లే. రెండూ చెక్కేసి కిట్టు చేశారు. ఆంజనేయులు అంజి అయ్యాడు. మొదటి అక్షరం లఘువైతే ఏం చేయాలో కూడా వాళ్లకు తెలుసు. జగన్నాథంలో ‘జ’ తేలిక, ఒంటరిగా వదిలితే కొలత తగ్గుతుంది. గకారానికి ద్విత్వం ఇచ్చి జగ్గు అన్నారు. నరసింహంలో రకారం మీది అచ్చును మింగేసి నర్సి అన్నారు. సుబ్రహ్మణ్యం సుబ్బు అయింది మాత్రం సత్తి సూత్రం మీదే. కంసాలి తూకం చూసుకుంటూ రవ్వంత బంగారం కలిపినట్టు, పిసరంత గీసినట్టు, ప్రతి పేరుకూ లోటు ఎక్కడో అక్కడే సర్దారు.

ఇవి కోసిన పేర్లు. పోసిన పేర్లు వేరే ఉన్నాయి. చంటి, బుజ్జి, నాని ఏ పెద్దపేరులోంచీ తెగిపడలేదు. చన్ను అనే మాటకు ఔపవిభక్తిక రూపం చంటి, పాలు తాగే బిడ్డ చంటిబిడ్డ, ఆ చంటితనమే పేరైంది. బుజ్జి, బుజ్జాయి, బుజ్జగింపు ఒక ఇంటివే. కొడుకుని ‘నాన్నా’ అని పిలవడం మనకెలాగూ అలవాటు, నాని ఆ పిలుపుకు దగ్గర చుట్టం. ఇలాంటివి ఏ పెద్దపేరు మీదైనా అమరుతాయి. గుడివాడలో కొడాలి శ్రీవెంకటేశ్వరరావు నాని, బందరులో పేర్ని వెంకట్రామయ్య నాని, బెజవాడలో కేశినేని శ్రీనివాస్ నాని. సినిమాల్లో ఘంటా నవీన్‌బాబు నాని. పెద్దపేర్లు నాలుగు రకాలు, పిలుపు ఒక్కటే.

ఏలూరు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆ అసెంబ్లీ స్థానంలో 2014లో గెలిచింది బడేటి బుజ్జి, అసలు పేరు కోటరామారావు. 2019లో ఆళ్ల నాని, అసలు పేరు కాళీకృష్ణ శ్రీనివాస్. 2024లో బడేటి చంటి, అసలు పేరు రాధాకృష్ణయ్య. పార్టీల గొడవ మనకెందుకు గానీ, పదేళ్లలో ఒక నగరం బుజ్జినీ నానినీ చంటినీ వరసగా శాసనసభకు పంపింది. బయటి రాష్ట్రం వాళ్లకు చెబితే నవ్వుతారు. ఇక్కడ ఎవరూ నవ్వరు. ఉయ్యాల్లో పెట్టిన పేరుతోనే వాళ్లు ఓటడుగుతారు, జనం ఓటేస్తారు, తిట్టాలన్నా ఆ పేరుతోనే తిడతారు. పెద్దపేరు వినపడేది ప్రమాణస్వీకారం నాడు.

ద్వారకా తిరుమల నల్లజర్లకు ఎంతో దూరం కాదు. చినవెంకన్న గుడిలో మూలవిరాట్టులు ఇద్దరు. స్వయంభువుగా వెలిసిన మూర్తికి పై భాగమే కనిపిస్తుంది. పాదసేవకు వీలుగా రామానుజాచార్యులు నిండుమూర్తిని వెనక ప్రతిష్ఠించారని స్థలపురాణం. అందుకే ఏడాదికి రెండు కల్యాణాలు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. ఆ గుళ్లో నిలబడ్డప్పుడల్లా నాకు మన పేర్ల వరసే గుర్తొస్తుంది. ముందు కనపడేది సగం పేరు, వెనక నిలబడేది నిండు పేరు, ఇద్దరికీ శిఖరం ఒకటే. చుట్టుపట్ల ఊళ్లలో ఆ స్వామి పేరు పెట్టుకున్నవాళ్లు ఎందరో లెక్కలేదు. అందరూ వెంకటేశ్వరరావులే అయితే ఎవణ్ని పిలిచినట్టు? ఒకడు వెంకన్న, ఒకడు వెంకి, ఒకడు ఈశ్వర్రావు, ఒకడు శ్రీను, ఒకడు తిరుపతి. భీమవరం మావుళ్ళమ్మ మగపిల్లాడికి మావుళ్ళు అవుతుంది. అమ్మను తీసేస్తే మిగిలిందే మగపేరు! ఇంత పొదుపు ఇంకే పనిలోనూ చూడలేదు నేను.

ఈ పొదుపు మొన్నటిదీ కాదు. నల్లజర్లకు పడమరగా కామవరపుకోట దాటి వెళితే జీలకర్రగూడెం పక్కన గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. అక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకటి మహామేఘవాహన వంశపు రాజు సిరి సదకు లేఖకుడుగా ఉన్నవాడిది. మండపం కట్టించి ఇచ్చానని చెక్కించుకున్నాడు. పేరు చుల గోమ. ప్రాకృతంలో చుల్ల అంటే చిన్న. అంటే చినగోమ. రాజు బిరుదులు కళింగ మహిషక దేశాధిపతి అంటూ బారెడు. ఆ బారెడు బిరుదులూ రాసే ఉద్యోగం చేసినవాడి పేరు మాత్రం ఇంట్లో పిలుచుకునేటంత. పెద్దబాబు, చినబాబు, నడిపోడు అని ఇవాళ మన ఇళ్లలో వినపడే వరస అప్పటికే ఉందన్నమాట. ఆ ఇంట్లో పెదగోమ కూడా ఉండే ఉంటాడని నా ఊహ. రాయి ఆ మాట చెప్పదు.

పంతుళ్ల దగ్గరా పొట్టిపేరుకు ఒక శాస్త్రం ఉంది, అది పల్లె శాస్త్రం కన్నా కఠినం. తెలుగు వైదికుల్లో ఎక్కువమంది పాటించే ఆపస్తంబ గృహ్యసూత్రం మగపిల్లాడి పేరు రెండక్షరాలో నాలుగక్షరాలో ఉండాలంటుంది. మొదటి హల్లు నాదమున్నది కావాలి, అంటే గ, జ, ద, బ లాంటిది. మధ్యలో య ర ల వలలో ఒకటి రావాలి. చివర దీర్ఘమో విసర్గో ఉండాలి. ఆశ్వలాయనుడు ఇంకొంచెం విప్పి, స్థిరంగా నిలబడాలంటే రెండక్షరాలు, బ్రహ్మవర్చస్సు కావాలంటే నాలుగు అన్నాడు. ఈ అచ్చులో మనకు తెలిసిన పేర్లు పోసి చూద్దాం. రవి: రకారానికి నాదం ఉంది, మధ్యలో వకారం, సంస్కృతంలో రవిః అని విసర్గ. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. హరి, గిరి, జయ, దేవ, వీర, అన్నీ పాసే. శివుడు తప్పాడు, శకారానికి నాదం లేదు. కృష్ణుడు మొదటా తప్పాడు, మధ్యలోనూ తప్పాడు. రాముడు గుమ్మం దాకా వచ్చి మధ్యలో మకారం దగ్గర ఆగిపోయాడు. దేవుళ్లకే ఈ గతి పడితే మనుషులు ఆ సూత్రాన్ని ఎంతమాత్రం పట్టించుకున్నారో తెలుస్తూనే ఉంది.

కానీ హరి అన్న పేరు దగ్గర కాసేపు కూచోవాలి. అమరకోశం ఆ రెండక్షరాలకు చెప్పిన అర్థాలు చూడండి: యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప. ఇవి కాక కపిలవర్ణం. విష్ణువునీ కప్పనీ ఒకే గూట్లో పెట్టగలిగిన పేరు ఇంకోటుందా! కొల్లేటి ఒడ్డున వానాకాలం రాత్రి ఒకసారి పడుకుంటే ఆ పదమూడో అర్థం నిఘంటువు అక్కర్లేకుండానే తెలుస్తుంది.

హరిలాంటి సంస్కృతపు పొట్టిపేర్లకూ మన పొట్టిపేర్లకూ తేడా కొలతలోనే ఉంది. రవి, హరి, గిరి, వీటిలో రెండక్షరాలూ లఘువులే. పలికి వదిలేస్తే రాలిపోతాయి. కాబట్టి పిలిచేటప్పుడు ‘రవీ’, ‘హరీ’ అని బరువంతా చివరికి తోస్తాం. శ్రీను అలా కాదు. మొదటి అక్షరం మీద బరువేసి కేక ఎత్తుకుంటుంది, రెండోదాన్ని సంబోధనలో సాగదీసుకుంటుంది. రెండు వైపులా పట్టున్న పేరది.

మిషనరీలు వచ్చాక ఈ కొలత బైబిలు పేర్లనూ తనవైపు తిప్పుకుంది. ఇంగ్లీషులో జోబ్ అనే పేరు తెలుగు బైబిల్లో యోబు. టైటస్ తీతు. పాల్ పౌలు. మార్క్ మార్కు. నాలుగూ హగణాలే! పొల్లుతో ఆగిపోయే మాటను తెలుగు నోరు సహించదు, చివర ఉకారం ఒకటి తగిలిస్తుంది. బస్సుకూ బ్యాంకుకూ చేసిన పనే పౌలుకూ మార్కుకూ చేసింది. తాడేపల్లిగూడెం చర్చి బయట ‘ఒరేయ్ యోబూ’ అన్న పిలుపు వింటే అది ఎక్కడో ఎడారి దేశంలో పుట్టిన హీబ్రూ పేరని ఎవరికి తోస్తుంది? సత్తిబాబు పక్కింటివాడనే అనుకుంటారు. అనుకోవడమేం, నిజంగానే పక్కింటివాడు.

పిలవడానికే కాదు, పిలవకుండా ఉండడానికి కూడా పేరు చెక్కారు మన వాళ్లు. తాతగారి పేరు మనవడికి పెట్టడం ఆచారం. మామగారి పేరు నోటితో అనకపోవడం కోడలికి ఆచారం. మరి కొడుకుని ఎలా పిలవాలి? తాతబ్బాయి, తాతారావు, తాతాజీ అనే పేర్లు పుట్టింది ఈ ఇరుకులోంచే. ఉయ్యాల్లో ఉన్నవాడు తాత అయిపోయాడు, కోడలి నోరూ నిలబడింది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతున్న ఇళ్లలో పేరు చేసిన పని వేరు. బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకుంటే పెంటయ్య. ఎంగిలి విస్తట్లో దొర్లిస్తే పుల్లయ్య. తవుడిచ్చి కొనుక్కున్నట్టు నటిస్తే తవిటయ్య. జోలె పట్టి అడుక్కొచ్చిన గింజలతో పెంచితే భిక్షం. చావు కంటపడకుండా బిడ్డకు పూసిన మసి ఆ పేరు. ఇవాళ ఆ పేర్లు వింటే పిల్లలు నవ్వుతారు. పెట్టిన తల్లి నవ్వుతూ పెట్టలేదు.

ఇక కొత్త పొట్టిపేర్లు. మా మేనకోడలి ఫోనులో వందల్లో ఉన్నాయి, పక్కనే అర్థాలతో. ఆరవ్ అన్న పేరు ఎదుట ‘ప్రశాంతుడు’ అని రాసి ఉంది. అబద్ధం. రవం అంటే చప్పుడు, ఆరవం అంటే కేక, అరుపు. చప్పుడు లేనిది నీరవం, పక్షులు చేసేది కలరవం, ఇవి మన పదోతరగతి పిల్లలకూ తెలుసు. ఆ పేరు పెట్టించుకున్న బుజ్జాయి రాత్రి రెండింటికి లేచి దాని అసలు అర్థం తనే చెబుతాడు. రేయాంశ్ ఎదుట ‘సూర్యకిరణం’ అని ఉంది. ఇంగ్లీషు రే, సంస్కృతం అంశం కలిపి అతికారు. తెలుగు చెవికి వినపడేది రేయి, అంటే రాత్రి. అద్విక్ అన్నది అద్వితీయంలోంచి కోసిన తునకలా ఉంది, కోసిన చోట ఇంకా పెళుసుగానే ఉంది. అన్నీ కొట్టిపారెయ్యడం లేదు. ఈశాన్ చక్కని పేరు, శివుడి పేరే, మన ఈశాన్యం మూల దాన్నించి వచ్చిందే. రుద్ర, ధ్రువ, ఆర్య పొట్టిగానే ఉండి అచ్చుతో నిండుగా ముగుస్తాయి.

నాకు ఈ కొత్తవాటిలో పంటికింద రాయి చివరి పొల్లే. విదేశాల్లో మన శ్రీనివాసులు ఒట్టి ‘శ్రీ’ అయ్యారంటే అక్కడి నాలుక కోసం. నల్లజర్లలో పుట్టినవాడికి ఆ అవసరం ఏమిటి? ఆరవ్, విహాన్, అయాన్ అని పిలిచి చూడండి, చివర లాగడానికి పట్టు దొరకదు. తోట అవతలికి ఆ పేరు చేరదు. ఇంతా చేసి వాడు తోటకు వెళ్లడు, ట్యూషన్‌కు వెళతాడు అంటుంది మా మేనకోడలు. నిజమే.

బారసాల ఇరవై ఒకటో రోజున. పిల్లాడిది అనూరాధ రెండో పాదం. ఇరవై ఏడు నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున నూట ఎనిమిది అక్షరాలున్న పట్టికలో అనూరాధకు వచ్చేవి నా, నీ, నూ, నే. ఆ విషయంలో అదృష్టవంతుడే. ఆర్ద్ర మూడో పాదంలో పుట్టుంటే ఙ అనే అక్షరంతో పేరు వెతకాల్సొచ్చేది, పంతులుగారే పక్క అక్షరానికి జరపాల్సొచ్చేది. రెండో పాదానికి ‘నీ’ వచ్చింది. మా అక్క ‘నాని అనుకోండి, నా అక్షరం పక్కదే కదా’ అంది. ఎవరూ వినలేదు. నీల్ అని తేలింది. ఐరిష్ వాళ్ల నియాల్‌లోంచి వచ్చిన ఇంగ్లీషు పేరుతోనూ కలుస్తుంది, మన నీలమేఘశ్యాముడితోనూ కలుస్తుంది, పాస్‌పోర్టులో నాలుగే అక్షరాలు. ఆ సరంజామాకు ముచ్చటపడ్డాను, ఒప్పుకుంటున్నాను.

పళ్లెంలో బియ్యం పోశారు. తండ్రి ఉంగరం పట్టుకుని మొదట మాసనామం రాశాడు, తరవాత నక్షత్రనామం, చివర వ్యవహారనామం. ‘నీ’ బాగానే వచ్చింది. ‘ల్’ దగ్గర పొల్లు పెట్టబోతే బియ్యం జారి గీత చెరిగింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ చెరిగింది. పంతులుగారు ‘పర్లేదు బాబూ, చెవిలో చెప్పండి’ అన్నారు. ఈలోగా పిల్లాడు ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు. మా అక్క ఉయ్యాల మీదికి వంగి ‘నీలూ... ఓ నీలూ...’ అంటూ ఊపడం మొదలెట్టింది.

‘అమ్మా, అది ఆడపిల్ల పేరులా ఉంది’ అని మా మేనకోడలు విసుక్కుంది.

నేను పక్కకు తిరిగి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ‘నీ’ గురువు, ‘లు’ లఘువు.